బడ్జెట్ పీసీకి బయోస్ సెట్టింగులు: ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

“ర్యామ్ డబ్బా మీద 3200 అని ఉంది, విండోస్‌లో చూస్తే 2400 అంటోంది. మోసపోయానా?” “గేమ్ మొదలుపెట్టిన పావుగంటకే బ్లూ స్క్రీన్ వస్తోంది, బయోస్‌లో ఏం మార్చాలి?” “బయోస్ తెరిచాను, అన్ని ఆప్షన్లు చూసి భయమేసి మూసేశాను.” ఈ మూడింట్లో ఏదో ఒకటి అడగని వారం లేదు. విడివిడిగా చెప్పీ చెప్పీ అలసిపోయాను కాబట్టి అంతా ఒక్కచోట రాసేస్తున్నాను. బయోస్ అంటే తెలియనివాళ్లకు: కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు లేచి హార్డ్‌వేర్‌ని సిద్ధం చేసే, మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్ అది.

ముందే ఒక మాట. ఇది ఓవర్‌క్లాకింగ్ (చిప్‌ని కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువగా నడపడం) గైడ్ కాదు. తక్కువ ఖర్చులో బిగించుకున్న మెషీన్‌లో మదర్‌బోర్డు పవర్ సర్క్యూట్ చిన్నది, కూలర్ ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చినదే, పవర్ సప్లై కూడా అంతంతమాత్రం. వాటి నుంచి ఇంకా పిండుకుందామని చూస్తే వచ్చేది నాలుగైదు ఫ్రేములు, పోయేది మనశ్శాంతి. కొన్న వేగం పూర్తిగా అందాలి, పని మధ్యలో హ్యాంగ్ అవ్వకూడదు. ఆ మాత్రానికి బయోస్‌లో ముట్టుకోవాల్సినవి పది కూడా ఉండవు. మిగతావన్నీ ఆటోలో వదిలేయడమే మంచిది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మదర్‌బోర్డు మోడల్ పేరు, రివిజన్ నంబరు. బోర్డు మీదే ఒక మూల అచ్చు వేసి ఉంటుంది. ఒకే మోడల్‌లో రివిజన్ 1.0కి, 1.2కి బయోస్ ఫైళ్లు వేరుగా ఉండొచ్చు.
- రెండు పెన్‌డ్రైవ్‌లు. ఒకటి ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి బయోస్ ఫైలు కోసం, రెండోది ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 కోసం.
- ఫోన్ కెమెరా, ఒక కాగితం, పెన్ను. నవ్వకండి, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఈ కాగితమే.
- విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, పవర్ చూపిస్తుంది), సీపీయూ-జెడ్ (ప్రాసెసర్, ర్యామ్ వివరాలు చూపిస్తుంది), ఓసీసీటీ (మెషీన్ మీద భారం పెట్టి పరీక్షిస్తుంది).
- కేసు తెరవడానికి స్క్రూడ్రైవర్.

డ్రైవ్‌కి బిట్‌లాకర్ (డ్రైవ్ మొత్తానికీ తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్ చేసి ఉంటే, 48 అంకెల రికవరీ కీ మీ దగ్గర ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. బయోస్ అప్‌డేట్ చేసినా, టీపీఎం (ఆ తాళం కీలు దాచే భద్రతా భాగం) సెట్టింగ్ కదిలించినా విండోస్ ఆ కీ అడగొచ్చు. అది లేకపోతే మీ ఫైళ్లు మీకే దక్కవు. పని మొదలుపెట్టే ముందు విండోస్‌లోకి వెళ్లి బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసుకోవడం తెలివైన పని.

1. లోపలికి వెళ్లండి, ముందు ఫొటోలు తీయండి

పవర్ బటన్ నొక్కగానే డిలీట్ కీని టకటకా కొడుతూ ఉండండి. కొన్ని బోర్డులకు ఎఫ్2. విండోస్ మరీ త్వరగా ఎక్కేస్తుంటే, రీస్టార్ట్ మీద క్లిక్ చేసేటప్పుడు షిఫ్ట్ పట్టుకోండి. ట్రబుల్‌షూట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ కనబడుతుంది, నేరుగా బయోస్‌లోకే తీసుకెళ్తుంది. కీబోర్డు స్పందించకపోతే దాన్ని కేసు ముందువైపు పోర్టు నుంచి తీసి వెనక పోర్టులో పెట్టి చూడండి.

మొదట కనిపించేది ఈజీ మోడ్. మనకు కావాల్సినవి అడ్వాన్స్‌డ్ మోడ్‌లో ఉంటాయి. ఏసుస్, ఎంఎస్‌ఐ బోర్డుల్లో ఎఫ్7, గిగాబైట్‌లో ఎఫ్2, ఏఎస్‌రాక్‌లో ఎఫ్6 నొక్కితే మారుతుంది.

ఏదీ మార్చకుండా ప్రతి పేజీకీ ఒక ఫొటో తీయండి. ముఖ్యంగా స్టోరేజ్ పేజీ, బూట్ పేజీ. ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది. అలాగే హార్డ్‌వేర్ మానిటర్ పేజీలో 12 వోల్టుల లైన్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. 11.4 నుంచి 12.6 మధ్య ఉంటే సరే. దీన్ని గుడ్డిగా నమ్మలేం గానీ, 11.2 లాంటిది కనిపిస్తే బయోస్ సంగతి పక్కనపెట్టి పవర్ సప్లైని అనుమానించండి.

2. బయోస్ అప్‌డేట్ అవసరమా?

అన్నీ బాగా నడుస్తుంటే అవసరం లేదు. కొత్త వెర్షన్ వచ్చిందన్న ఒక్క కారణానికి చేయొద్దు. చేయాల్సిన సందర్భాలు ఇవి: కొత్త ప్రాసెసర్‌ని బోర్డు గుర్తుపట్టకపోవడం, ర్యామ్ దాని అసలు వేగంతో నిలవకపోవడం, మీ చిప్‌కి తెలిసిన సమస్య ఉండటం.

తెలిసిన సమస్య అంటే ఎలాంటిదో రెండు చెబుతాను. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు కొన్ని అవసరానికి మించి వోల్టేజీ అడిగి తమను తామే పాడుచేసుకున్నాయి. దీనికి 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (బయోస్‌తో వచ్చి ప్రాసెసర్ పనితీరును సరిదిద్దే చిన్న కోడ్), తర్వాత 0ఎక్స్12బీ వచ్చాయి. ఆ తరం ఐ5 లేదా అంతకంటే పెద్ద చిప్ మీ దగ్గరుండి, బయోస్ ఆ తేదీల కంటే పాతదైతే అప్‌డేట్ చేయాల్సిందే. రెండోది ఏఎండీ రైజెన్ చిప్పులున్నవాళ్లకు. విండోస్ 11లో ఉన్నట్టుండి ఒకటి రెండు సెకన్లు ఆడియో, మౌస్ తడబడటం. ఇది ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) వల్లేనని 2022 మార్చిలో ఏఎండీయే ఒప్పుకుంది, తర్వాతి బయోస్‌లలో సరిచేశారు.

చేసే పద్ధతి: బోర్డు తయారీదారు సైట్ నుంచి మీ మోడల్, రివిజన్ ఫైలే దించుకోండి. జిప్ విప్పి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. బయోస్‌లోనే ఉండే ఫ్లాష్ టూల్ వాడండి. ఏసుస్‌లో దాని పేరు ఈజీ ఫ్లాష్, ఎంఎస్‌ఐలో ఎం-ఫ్లాష్, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్, ఏఎస్‌రాక్‌లో ఇన్‌స్టంట్ ఫ్లాష్. విండోస్‌లో నడిచే అప్‌డేట్ యాప్ కూడా ఇస్తారు, దాన్ని నేను వాడను. మధ్యలో విండోస్ హ్యాంగ్ అయితే బోర్డు గతి ఏమిటి?

ఫ్లాష్ జరుగుతున్నంతసేపూ కరెంటు పోకూడదు. యూపీఎస్ లేకపోతే కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకుని చేయండి. పర్సెంటేజీ ఒకచోట ఆగినట్టనిపించినా బటన్ నొక్కకండి. పూర్తయ్యాక తనే రెండు మూడుసార్లు ఆగి స్టార్ట్ అవ్వొచ్చు. టెన్షన్ పడాల్సిన పని లేదు.

3. డిఫాల్ట్‌లు లోడ్ చేయండి, వెంటనే మూడు విషయాలు సరిచూడండి

సేవ్ అండ్ ఎగ్జిట్ పేజీలో లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ ఉంటుంది. పాత బోర్డు ఎవరి దగ్గరో తీసుకున్నా, మీరే ఇదివరకు అటూ ఇటూ నొక్కి ఉన్నా, ఇక్కడి నుంచి మొదలుపెడితేనే లెక్క తేలుతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డిఫాల్ట్ లోడ్ చేసి సేవ్ కొట్టేస్తారు, విండోస్ లేవదు, హార్డ్ డిస్క్ పోయిందనుకుంటారు. డిస్క్‌కి ఏమీ కాలేదు. మీ ఫొటోల్లో సాటా మోడ్ (బోర్డు డిస్కులతో మాట్లాడే పద్ధతి) ఏఎచ్‌సీఐ అని ఉందా, రెయిడ్ అనా? ఇంటెల్‌లో వీఎండీ (డిస్కుల్ని ఇంటెల్ సొంత పద్ధతిలో నడిపే ఆప్షన్) ఆన్‌లో ఉందా, ఆఫ్‌లోనా? సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ అవ్వనిచ్చే ఆప్షన్) ఎలా ఉంది? డిఫాల్ట్ తర్వాత అవి మారిపోయి ఉంటే, విండోస్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే పెట్టి, అప్పుడు సేవ్ చేయండి.

కొత్తగా విండోస్ వేయబోతున్నవాళ్లకు ఈ తలనొప్పి లేదు. సాటా ఏఎచ్‌సీఐలో, సీఎస్‌ఎం ఆఫ్‌లో, టీపీఎం ఆన్‌లో పెట్టి ఆ తర్వాతే ఇన్‌స్టాల్ చేయండి. టీపీఎం పేరు ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. పాత ఇన్‌స్టలేషన్ ఎంబీఆర్ (డిస్క్‌ని భాగాలు చేసే పాత పద్ధతి) డిస్క్ మీద ఉంటే సీఎస్‌ఎం ఆఫ్ చేయగానే బూట్ అవ్వదు, ముందు దాన్ని కొత్త పద్ధతైన జీపీటీకి మార్చుకోవాలి. విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది. బ్యాకప్ తీసుకోకుండా మాత్రం దాని జోలికి వెళ్లొద్దు.

ఇప్పుడు ఒకసారి విండోస్‌లోకి వెళ్లి, పది నిమిషాలు వాడి, మళ్లీ బయోస్‌లోకి రండి. డిఫాల్ట్‌లోనే హ్యాంగ్ అవుతుంటే తప్పు సెట్టింగులది కాదు. ర్యామ్ సరిగ్గా కూర్చుందా, ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్‌ల పవర్ కేబుల్ పూర్తిగా దిగిందా, కూలర్ కింద పేస్ట్ ఉందా చూడండి.

4. ర్యామ్: అసలు కథంతా ఇక్కడే

ముందు కేసు తెరిచి స్లాట్లు చూడండి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్. పక్కపక్కన పెడితే సింగిల్ చానెల్‌లో నడుస్తుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వాడుకునేవాళ్లకు ఈ ఒక్క పొరపాటు వల్ల గేముల్లో ఫ్రేములు దారుణంగా పడిపోతాయి. ఆ తేడా బయోస్‌లో ఏ సెట్టింగ్ మార్చినా పూడదు.

ఇక 3200, 2400 సంగతి. మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. ర్యామ్ తొలిసారి ఎక్కినప్పుడు ఏ బోర్డులోనైనా నడిచే సురక్షితమైన వేగంతో లేస్తుంది. డీడీఆర్4లో అది 2133, 2400, 2666 ఇలా ఉంటుంది, డీడీఆర్5లో సాధారణంగా 4800. డబ్బా మీది వేగం ర్యామ్‌లోనే ఒక ప్రొఫైల్‌గా దాచి ఉంటుంది. దాన్ని మనం ఆన్ చేయాలి. పేరు ఎక్స్‌ఎంపీ. ఏఎండీ బోర్డుల్లో అదే డీఓసీపీ అనో ఏ-ఎక్స్‌ఎంపీ అనో కనిపిస్తుంది, డీడీఆర్5కి ఎక్స్‌పో.

ప్రొఫైల్ 1 ఎంచుకోండి. ఎంచుకోగానే పక్కన మూడు మారాలి: వేగం, టైమింగులు (ర్యామ్ స్పందించడానికి ఎన్ని క్లాక్‌లు పడుతుందో), వోల్టేజీ. డీడీఆర్4 3200 ప్రొఫైల్‌కి వోల్టేజీ చాలావరకు 1.35 అవుతుంది. వేగం మారి వోల్టేజీ ఇంకా 1.20 దగ్గరే ఉండిపోతే ఒకసారి ఆగి, ప్రొఫైల్ ఎంత అడుగుతోందో సీపీయూ-జెడ్‌లోని ఎస్‌పీడీ ట్యాబ్‌లో చూసి అంత పెట్టండి. దాన్ని మించి పెట్టొద్దు.

సేవ్ చేసి బయటికి రండి. స్క్రీన్ కాసేపు నల్లగా ఉండొచ్చు. డీడీఆర్5 ఉన్న ఏఎండీ ఏఎం5 బోర్డులైతే మొదటిసారి ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. చచ్చిపోయిందనుకుని స్విచ్ కట్టేసేవాళ్లే ఎక్కువ. ఓ పది నిమిషాలు దాన్ని అలా వదిలేయండి.

ప్రొఫైల్ ఆన్ చేసినా వేగం పెరగకపోతే బోర్డు హద్దు అది. ఉదాహరణకు హెచ్410 బోర్డులో 10వ తరం ఐ5 పెడితే ర్యామ్ 2666 దగ్గర ఆగిపోతుంది, 3200 స్టిక్ పెట్టినా అంతే. హెచ్610లో డీడీఆర్4 అయితే 3200 గరిష్ఠం. దీనికి మందు లేదు, వదిలేయండి.

ఇంకొకటి. సీపీయూ-జెడ్ మెమరీ ట్యాబ్‌లో 1600 కనిపించి కంగారుపడేవాళ్లున్నారు. డీడీఆర్ అంటేనే ఒక క్లాక్‌కి రెండుసార్లు పంపడం. 1600ని రెండుతో గుణించండి, మీ 3200 అదే. టాస్క్ మేనేజర్‌లో నేరుగా 3200 అనే చూపిస్తుంది.

ఇప్పుడు అందరూ దాటేసే పని. విండోస్ లేచింది కదా అని ర్యామ్ సరిగ్గా ఉన్నట్టు కాదు. మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్ పెట్టి, రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టండి. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు నడుస్తుంది, 16 జీబీకి కొన్ని గంటలు పడుతుంది. ఎర్రర్ల లెక్క సున్నా ఉండాలి. ఒక్కటి ఉన్నా తప్పినట్టే. “ఒకటే కదా” అని వదిలేస్తే ఆ ఒక్కటే ఏదో ఒక రోజు మీ ఫైలునో, విండోస్ అప్‌డేట్‌నో చెడగొడుతుంది.

నా అనుభవం చెబుతాను. ఇంట్లో మెషీన్‌కి ఉన్న 8 జీబీ స్టిక్ పక్కన వేరే కంపెనీ 8 జీబీ స్టిక్ ఒకటి కొని పెట్టాను. రెండింటి మీదా 3200 అనే ఉంది. ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే విండోస్ చక్కగా లేచింది, గేములు నడిచాయి, మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు పెద్ద జిప్ ఫైలు విప్పుతుంటే ఫైలు పాడైందని ఎర్రర్. మళ్లీ దించుకున్నా అదే. నెట్‌ని తిట్టుకున్నాను. చివరికి మెమ్‌టెస్ట్ పెట్టి పడుకుంటే, పొద్దున లేచేసరికి మూడో పాస్‌లో రెండే రెండు ఎర్రర్లు. ఎక్స్‌ఎంపీ అలాగే ఉంచి వేగం మాత్రం 2933కి దించాను. మళ్లీ నాలుగు పాస్‌లు, సున్నా. ఇప్పటికీ అలాగే నడుస్తోంది. 3200కి, 2933కి తేడా నా కంటికి ఎప్పుడూ ఆనలేదు.

మీకూ ఎర్రర్లొస్తే అదే వరస: ముందు వేగం ఒక మెట్టు దించండి. అప్పటికీ వస్తుంటే ఒక్కో స్టిక్‌ని విడిగా పరీక్షించండి. డిఫాల్ట్ వేగంలో, ఒంటరిగా పెట్టినా, వేరే స్లాట్‌లో పెట్టినా ఎర్రర్ వస్తే ఆ స్టిక్ పోయినట్టే. వారంటీకి పంపండి.

5. పవర్ లిమిట్లు: బోర్డు చేసే దొంగపని

65 వాట్ల ప్రాసెసర్ అని కొంటాం. ఐ5-12400 తీసుకోండి, ఇంటెల్ లెక్కలో దాని మామూలు పవర్ 65 వాట్లు, టర్బోలో (వేగం పెంచుకున్నప్పుడు) గరిష్ఠంగా 117. అయితే బెంచ్‌మార్కుల్లో తమది ముందుండాలని చాలా బోర్డులు ఈ హద్దుల్ని ఆటోలో ఎత్తేస్తాయి. పెద్ద కూలరుంటే పర్లేదు. డబ్బాలో వచ్చిన కూలర్, పవర్ సర్క్యూట్ మీద హీట్‌సింక్ కూడా లేని బోర్డు అయితే వేడి పెరిగి, వేగం తగ్గి, మళ్లీ పెరిగి, గేమ్‌లో కుదుపుల్లా తెలుస్తుంది.

ఇంటెల్ వాళ్లు: లాంగ్ డ్యూరేషన్ పవర్ లిమిట్, షార్ట్ డ్యూరేషన్ పవర్ లిమిట్ వెతకండి. మీ చిప్‌కి ఇంటెల్ చెప్పిన అంకెలు పెట్టండి, మొదటిదానిలో మామూలు పవర్, రెండోదానిలో టర్బో పవర్. ఎంఎస్‌ఐ బోర్డుల్లో సీపీయూ కూలర్ ట్యూనింగ్ అని ఉంటుంది, అందులో బాక్స్‌డ్ కూలర్ ఎంచుకుంటే చాలు. ఏసుస్‌లో ఈ హద్దుల్ని ఎత్తేసే మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ ఆఫ్ చేయండి. 65 వాట్లు మరీ తక్కువనిపిస్తే, ఐదేసి వాట్లు పెంచుకుంటూ కూలర్ తట్టుకున్నంత దాకా వెళ్లొచ్చు.

ఏఎండీ వాళ్లు: పీబీఓ (చిప్‌ని మామూలు పవర్ హద్దులు దాటనిచ్చే ఆప్షన్) ఆఫ్ చేయండి, అంతే. రైజెన్ 5 3600, 7600 లాంటి 65 వాట్ల చిప్పులకు సాకెట్ నుంచి తీసుకునే హద్దు 88 వాట్లు, అది దానికదే అమల్లో ఉంటుంది. 105 వాట్ల చిప్‌ని చిన్న కూలర్‌తో నడుపుతుంటే ఈకో మోడ్‌లో 65 ఎంచుకోండి. పోయే వేగం కొంచెమే, తగ్గే వేడి మాత్రం బాగా తెలుస్తుంది.

6. ఫ్యాన్లు

సీపీయూ కూలర్ వైరు సీపీయూ_ఫ్యాన్ అని రాసి ఉన్న పిన్నుల మీదే ఉండాలి. నాలుగు పిన్‌ల ఫ్యాన్‌కి పీడబ్ల్యూఎం మోడ్, మూడు పిన్‌ల ఫ్యాన్‌కి డీసీ మోడ్. మూడు పిన్‌ల ఫ్యాన్‌ని పీడబ్ల్యూఎంలో వదిలేస్తే రాత్రీ పగలూ పూర్తి వేగంతో ఊదుతూనే ఉంటుంది. “ఫ్యాన్ సౌండ్ తగ్గడం లేదు” అనేవాళ్లలో సగం మంది ఇక్కడే దొరికిపోతారు.

ఫ్యాన్ కర్వ్ (ఏ వేడికి ఎంత వేగమో చెప్పే గీత) గీయడానికి నేను వాడే నాలుగు బిందువులు: 40 డిగ్రీల దగ్గర 30 శాతం, 60 దగ్గర 50, 75 దగ్గర 80, 85 దగ్గర 100. రైజెన్ చిప్పుల వేడి ఒక్క క్షణంలో పది డిగ్రీలు ఎగిరి పడుతుంది, దాంతో ఫ్యాన్ ఊపిరి ఎగబీల్చినట్టు లేస్తూ తగ్గుతూ చికాకు పెడుతుంది. స్టెప్ అప్ టైమ్ అనే ఆప్షన్‌ని రెండు మూడు సెకన్లకు పెంచితే ఆ చికాకు పోతుంది.

7. గ్రాఫిక్స్

విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటే అబౌవ్ 4జీ డీకోడింగ్, రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునేలా చేసేవి) రెండూ ఆన్ చేయొచ్చు. సీఎస్‌ఎం ఆఫ్‌లో ఉండాలి, కార్డు కూడా దానికి సపోర్ట్ చేయాలి. ఇంటెల్ ఆర్క్ కార్డులకు ఇది తప్పనిసరి అనుకోండి, లేకపోతే అవి చతికిలపడతాయి. మిగతా కార్డులకు కొన్ని గేముల్లో లాభం, కొన్నిట్లో ఏమీ ఉండదు.

ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే వాడుతుంటే యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజ్ (ర్యామ్‌లోంచి గ్రాఫిక్స్‌కి పక్కన పెట్టే భాగం) చూడండి. 16 జీబీ ర్యామ్ ఉంటే 2 జీబీ ఇవ్వండి. 8 జీబీయే ఉంటే 1 జీబీకి మించొద్దు, విండోస్‌కి ఊపిరాడదు. తర్వాత “16 జీబీ కొంటే 13.9 చూపిస్తోంది” అని అడగకండి, ఆ తగ్గింది మీరిచ్చిందే.

కార్డుని రైజర్ కేబుల్‌తో (స్లాట్‌కీ కార్డుకీ మధ్య పెట్టే పొడిగింపు కేబుల్) నిలబెట్టి, స్క్రీన్ మినుకుమంటుంటే, పీసీఐఈ స్లాట్ వేగాన్ని ఆటో నుంచి జెన్3కి మార్చి చూడండి.

8. ఖాళీగా ఉన్నప్పుడే హ్యాంగ్ అయితే

గేమ్ ఆడితే బాగుంటుంది, కాసేపు వదిలేసి వస్తే బిగుసుకుపోయి ఉంటుంది. పాత రైజెన్ చిప్పులు, చవక పవర్ సప్లైల జంటలో ఇది వింత కాదు. చిప్ మరీ తక్కువ కరెంటు తీసుకునే నిద్రలోకి జారినప్పుడు పవర్ సప్లై తట్టుకోలేదు. ఏఎండీ సీబీఎస్ మెనూలో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఉంటుంది, దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కి మార్చండి. అది లేకపోతేనే గ్లోబల్ సీ-స్టేట్ కంట్రోల్ ఆఫ్ చేసి చూడండి. ఈ సమస్య లేనివాళ్లు దీన్ని ముట్టుకోనక్కర్లేదు.

9. వీటి మీద చెయ్యి వేయొద్దు

కోర్ వోల్టేజీ, ఎస్ఓసీ వోల్టేజీ, లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్, బేస్ క్లాక్. బేస్ క్లాక్ 100 దగ్గరే ఉండాలి, చాలా బోర్డుల్లో దాన్ని కదిపితే పీసీఐఈ కూడా కదులుతుంది, డిస్కులు మాయమవుతాయి. ఎస్ఓసీ వోల్టేజీ విషయంలో భయం ఊరికే చెప్పేది కాదు. 2023లో రైజెన్ 7000 చిప్పులు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాక ఏఎండీ దానికి 1.3 వోల్టుల హద్దు పెట్టింది. ఎవరో వీడియోలో చూపించిన అంకెలు వాళ్ల చిప్‌వి, మీ చిప్‌వి కావు.

గేమ్ బూస్ట్, ఈజీ ఓసీ లాంటి ఒక్క నొక్కు బటన్లు కూడా ఇదే జాబితా. అవి అవసరం కంటే ఎక్కువ వోల్టేజీ పెట్టేసి చేతులు దులుపుకుంటాయి.

సరిగ్గా కుదిరిందని ఎలా తెలుసుకోవాలి

ఒక్కో మార్పు తర్వాత ఒక్కో పరీక్ష. నాలుగు కలిపి మార్చి హ్యాంగ్ అయితే నేరం ఎవరిదో తేలదు. కాగితం మీద తేదీ, ఏం మార్చారు, ఏం జరిగింది రాయండి.

ర్యామ్‌కి మెమ్‌టెస్ట్ అయిపోయింది. ప్రాసెసర్‌కి ఓసీసీటీలో సీపీయూ టెస్ట్ అరగంట నడపండి, పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉంచండి. డబ్బా కూలర్‌తో 85 డిగ్రీల లోపు ఉంటే హాయిగా ఉండండి. రైజెన్ 7000 ఎక్స్ చిప్పులు మాత్రం 95 దాకా వెళ్లేలాగే తయారుచేశారు, ఆ అంకె చూసి బెదరకండి. థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) వరసలో నో అని ఉందా, ఎస్ అని ఉందా చూడండి. ఎస్ ఉంటే ఐదో మెట్టుకి వెనక్కి వెళ్లి ఓ పది వాట్లు తగ్గించండి. ఆ తర్వాత మీరు ఎక్కువగా ఆడే గేమే ఒక గంట ఆడండి. ప్రాసెసర్, కార్డు రెండూ కలిసి కరెంటు లాగేది అప్పుడే, పవర్ సప్లై బలహీనత బయటపడేది కూడా అప్పుడే.

వారం వాడాక ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ అనే పేరు వెతకండి. హ్యాంగ్ కాకపోయినా ఆ ఎర్రర్లు కనబడుతుంటే హార్డ్‌వేర్ ఎక్కడో తడబడుతోంది, చాలాసార్లు ర్యామ్ వేగం దించితే తగ్గుతాయి. కెర్నల్-పవర్ 41 చూసి మాత్రం పవర్ సప్లై పోయిందని తీర్మానించేయకండి. “సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు” అని చెప్పడమే దాని పని, ఎందుకు కాలేదో అది చెప్పదు.

స్క్రీన్ రాకపోతే

బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటే ఏది వెలిగి ఆగిందో చూడండి. ర్యామ్ మార్చిన తర్వాతే ఇలా జరిగితే సాధారణంగా డీర్యామ్ లైటే. కాసేపు ఓపిక పట్టండి, చాలా బోర్డులు రెండు మూడుసార్లు ప్రయత్నించి అవే పాత వేగానికి తిరిగొస్తాయి.

రాకపోతే సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచి ఉంచే మెమరీ) క్లియర్ చేయాలి. పవర్ సప్లై వెనక స్విచ్ ఆపి ప్లగ్ తీసేయండి. కేసు పవర్ బటన్‌ని ఓ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. బోర్డు మాన్యువల్‌లో క్లియర్ సీమాస్ పిన్నులు ఎక్కడున్నాయో చూసి, స్క్రూడ్రైవర్ కొనతో ఆ రెండు పిన్నుల్నీ ఓ పది సెకన్లు కలిపి ఉంచండి. పిన్నులు దొరక్కపోతే గుండ్రంగా ఉండే సీఆర్2032 బ్యాటరీ తీసి, ఐదు నిమిషాలాగి పెట్టండి. మొదటిసారి ఒకే స్టిక్‌తో లేపండి. ప్లగ్ తీసిన ప్రతిసారీ గడియారం, సెట్టింగులు వాటంతట అవే పోతుంటే ఆ బ్యాటరీయే అయిపోయింది, కొత్తది వేయండి.

అన్నీ కుదిరాక బయోస్‌లోనే ప్రొఫైల్‌గా సేవ్ చేసుకోండి, పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఒక కాపీ. కానీ రేపు బయోస్ అప్‌డేట్ చేస్తే కొత్త వెర్షన్ ఆ పాత ప్రొఫైల్‌ని చాలాసార్లు తీసుకోదు. అప్పుడు అక్కరకొచ్చేది మీరు రాసుకున్న కాగితమే. నేను దాన్ని మడిచి కేసు పక్క ప్యానెల్ లోపలివైపు టేపుతో అంటించేస్తాను.